రెండు నిమిషాల మేడమ్

పదీ నలభైకి మా అక్క ఒక దర్జీ కొట్టు పక్కనున్న వీధి కుళాయి తిప్పి రెండు నిమిషాలు నీళ్ళు వదిలేసింది. తర్వాత కుళాయి కట్టేసి, స్పిరిట్‌లో ముంచిన దూదిని పటకారుతో పట్టుకుని వెలిగించి, కుళాయి మూతి చుట్టూ మంట తిప్పింది. మళ్ళీ నీళ్ళు వదిలి సీసా పట్టింది. నిండుగా పట్టదు, పైన రెండు వేళ్ళ ఖాళీ ఉంచుతుంది. మూత బిగించి, చీటీ మీద వార్డు నంబరు, కుళాయి నంబరు, వేళ రాసి అంటించింది. సీసాని ఐసు పెట్టెలో నిలబెట్టి, జీపు ముందు సీట్లో కూర్చుని, ఇంక మూడే ఉన్నాయి పద అంది డ్రైవరుతో.

ఆ మూడూ ఆ రోజు ఎవరూ పట్టలేదు. రెండు వీధులు దాటాక ఆమె తల కిటికీకి ఆనించి ఉంటే నిద్రపోతోందనుకున్నాడట డ్రైవరు. పన్నెండేళ్ళుగా ఆమెను తిప్పుతున్న మనిషి. జీపులో ఆమె ఒక్కసారి కూడా కునుకు తీయగా చూసి ఎరగడు. అయినా అలాగే అనుకున్నాడు. తలలో నరం చిట్లిందని ఆస్పత్రిలో చెప్పారు. నలభై మూడేళ్ళు. నేను ఆమెకంటే ఆరేళ్ళు చిన్న.

నేను ఆస్పత్రికి చేరేసరికి డ్రైవరు అక్కడ లేడు. ఐసు పెట్టె తీసుకుని ల్యాబుకి వెళ్ళాడు. పట్టిన ఆరు గంటల్లోపు పరీక్షకు పెట్టకపోతే ఆ సీసాలు దేనికీ కొరగావని అన్నేళ్ళూ ఆమె అతని చెవిలో ఇల్లుకట్టుకుని పోరింది. అప్పుడతని మీద కోపం వచ్చింది గాని, ఇప్పుడు ఆలోచిస్తే ఆ పూట సరైన పని చేసిన మనిషి అతనొక్కడే. రెండు రోజుల తర్వాత ఫలితం వచ్చింది. దర్జీ కొట్టు కుళాయి నీళ్ళు బాగానే ఉన్నాయి.

మా అక్క నీటి పరీక్షల ల్యాబులో టెక్నీషియను. ఊళ్ళో కుళాయిల దగ్గర, ట్యాంకుల దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, వాటిలో క్లోరిన్ ఎంతుందో, క్రిములున్నాయో లేవో చూడడం పని. ఇరవై ఏళ్ళు అదే బల్ల, అదే స్టూలు. స్టూలుకి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టుకునేది. వీధుల్లో ఆమెకి రెండు నిమిషాల మేడమ్ అని పేరు. బిందెలతో వరసలో నిలబడ్డ వాళ్ళ ముందుకొచ్చి, కుళాయి తిప్పి, గడియారం చూసుకుంటూ నీళ్ళు ఊరికే పారబోస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. వాళ్ళు నోరు చేసుకునేలోపు తనే ఒక బకెట్టు లాగి ధార కింద పెట్టేది, గచ్చు కడుక్కోవడానికైనా పనికొస్తాయని. అడిగినవాళ్ళకి విసుక్కోకుండా చెప్పేది: మొదట వచ్చేవి పైపులో నిలవున్న నీళ్ళు. అవి పైపు సంగతి చెబుతాయి, నీళ్ళ సంగతి చెప్పవు.

చిక్కేమిటంటే, మనుషుల్ని కూడా ఆమె అలాగే అడిగేది. పెద్ద సంగతి ఏదైనా సరే మూడుసార్లు, మధ్యలో రోజులు వదిలి. మొదటి జవాబు లెక్కలోకి రాదు. రెండోది వింటుంది, నమ్మదు. మూడోసారి ఏం చెబితే అదే మాట, ఇక వెనక్కి తీసుకోవడం లేదు. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయినప్పుడు నాకు పదహారేళ్ళు. సైన్సు చదువుతావా, సాహిత్యమా అని మూడుసార్లు అడిగి, మూడోసారి నేనన్న మాట పట్టుకుని కాలేజీకి వెళ్ళి ఫారం నింపేసింది. మా ఆయన్ని పెళ్ళికి ముందు మూడుసార్లు అడిగింది: మా చెల్లి పొద్దున్నే లేవదు, వంట రాదు, పుస్తకం పట్టుకుంటే పిలిచినా పలకదు, సరేనా అని. మూడోసారికి అతను, "వదినా, ఇంకోసారి అడిగారంటే పారిపోతాను" అన్నాడు. దాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టింది. తనకి పెళ్ళెందుకు కాలేదని ఎవరైనా అడిగితే, నేను మూడోసారి అడిగేదాకా ఎవరూ కూర్చోలేదండీ అనేది.

అందుకని మా ఇంట్లో మొదటి రెండు జవాబులకి ఎవరం జంకేవాళ్ళం కాదు. నోటికి ఏదొస్తే అది అనేసేవాళ్ళం. అసలు మాట మూడోసారికి దాచుకోవడం అలవాటైపోయింది. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుందని నాకు చాలా కాలం తట్టనే లేదు.

ఆమె ల్యాబులో రెండు రబ్బరు ముద్రలుండేవి. తాగవచ్చు, తాగరాదు. పెద్ద గాజు గొట్టంలో నీళ్ళు పోసి, అందులో చిటికెన వేలంత గొట్టాన్ని బోర్లించి, వెచ్చటి పెట్టెలో రెండు రోజులు ఉంచుతారు. క్రిములుంటే ఆ చిన్న గొట్టం నెత్తిన గాలి బుడగ చేరుతుంది. బుడగ ఉంటే ఒక ముద్ర, లేకపోతే ఇంకొకటి. ఏడో వార్డు నీళ్ళలో ఏటా వానలు వెనకబట్టిన మూడో వారంలో బుడగ వచ్చేది. తాగరాదు అని ముద్ర పడేది, క్లోరిన్ ఎక్కువ కలిపేవాళ్ళు, బుడగ పోయేది, తాగవచ్చు అని ముద్ర పడేది. మళ్ళీ ఏడాది అదే వారానికి మళ్ళీ బుడగ. తొమ్మిదేళ్ళు చూసింది. ఎందుకిలా అవుతోందని పైన ఉన్న పెద్ద కెమిస్టుకి కాగితం రాసింది. ఆయన మంచివాడు, రిటైరుమెంటుకి దగ్గరపడ్డవాడు. తాగొచ్చో లేదో చెప్పడం వరకే మన పనమ్మా, ఎందుకు అనేది వేరే సెక్షను అన్నాడట. ఆ సెక్షను ఏ అంతస్తులో ఉందో కనుక్కుందామని మా అక్క నిజంగానే నాలుగు అంతస్తులూ తిరిగింది. అలాంటి సెక్షను ఆ భవనంలో లేదు.

ఆ 'ఎందుకు' కోసం వెతుకుతూ వెతుకుతూ ఆమె ఒక వ్యాసం చదివింది. రాసినాయన ఫిన్లాండులో, చెరువుల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాడు. ఆ విభాగం పేజీ అడుగున, భూగర్భ జలాల మీద, తాగునీటి మీద రెండేళ్ళ కోర్సు ఉందనీ, ఇతర దేశాల విద్యార్థులు జనవరి మధ్యలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ ఉంది. ఆగస్టులో ఒక సాయంత్రం ఆ కాగితాలు ప్రింటు తీసి, పిన్ను కొట్టి ఇంటికి తెచ్చింది. అన్నం తిన్నాక చెయ్యి తుడుచుకుని, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, "వయసు సంగతి ఎక్కడా రాయలేదే. దాచారంటావా?" అంది నాతో.

అప్పట్నుంచి ఆమెకి కుదురు లేదు. మాది మూడో అంతస్తు, రెండు గదులు, వంటగది. ముందు గదిలో కిటికీ పక్కన అక్క మంచం. ఆ మంచాన్ని ఒక ఆదివారం గోడవైపు జరిపింది, ఇంకో ఆదివారం మళ్ళీ కిటికీ దగ్గరికి లాగింది. పళ్ళు తోముకుంటూ ఫోనులో ఆ ఊరి వాతావరణం చూసి మాకు చెప్పేది, ఎవరో చుట్టాల ఆరోగ్యం చెప్పినట్టు. ఇవాళ పదకొండే, గాలి కూడా ఉంది పాపం అనేది. దరఖాస్తు తెరిచేది, రెండు గళ్ళు నింపేది, మూసేసి లేచి కుక్కరు రబ్బరు కడిగేది. కోర్సు ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒక పేజీలో రాయమన్నారు. ఏడో వార్డు గురించి పదకొండు పేజీలు రాసి నాకిచ్చింది. నేను పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పేజీకి కుదించమంది. నా బల్ల మీద పెట్టుకున్నాను. ఫీజుల సంగతి ముందే తేల్చేసుకుంది, నా భవిష్యనిధి డబ్బు నేనే తింటాను అని. దాని గురించి మా ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు.

మా ఆయన ఎగతాళి ఆయన చేసేవాడు. అక్కడ చలికాలం మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కునేసరికి చీకటి పడుతుందట వదినా అనేవాడు. ఆ ఊళ్ళో అందరూ మాట పొదుపట, మీరు ఎవర్నయినా మూడుసార్లు అడిగితే పోలీసుల్ని పిలుస్తారు అనేవాడు. అక్క నవ్వేది. నవ్వి, వంటగదిలోకి వెళ్ళి, అక్కడ ఏం పనీ లేక తిరిగొచ్చేది.

అక్టోబరులో ఒకరోజు డ్రైవరు ఏదో సామాను ఇవ్వడానికి ఇంటికొచ్చి, తలుపు దగ్గరే గొంతు తగ్గించి, మేడమ్ రోజూ పావుగంట చల్లగదిలో కూర్చుంటున్నారండీ, నేను చెప్పానని అనకండి అన్నాడు. ల్యాబులో మందులు, క్రిములు పెంచే మాధ్యమాలు దాచే గది అది. నాలుగు డిగ్రీలుంటుంది. బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద, మామూలు బట్టల్లోనే కూర్చుంటోందట, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని. సాయంత్రం అడిగాను.

"థర్మామీటరు రీడింగు రాయాలే పిల్లా."

"దానికి పావుగంటా?"

"మెల్లగా చదువుతా."

"అక్కా."

"పదిహేను నిమిషాలకి ముక్కు మొద్దుబారుతోంది" అంది. "చెవులు ఫరవాలేదు. టోపీ ఉంటే సరిపోతుంది."

ఆ రోజు ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. నేను నవ్వుతూనే లోపల ఎక్కడో, ఈవిడ వెళ్ళిపోతుంది అనుకున్నాను. వెంటనే, వెళ్ళదులే అని కూడా అనుకున్నాను. ఆ రెండిటి మధ్యే ఆ నాలుగు నెలలూ గడిచాయి నాకు. బయటికి మాత్రం, పాపం అక్క ఎటూ తేల్చుకోలేకపోతోంది అని అందరితో అనేదాన్ని.

మొదటిసారి ఆమె నన్ను అడిగింది సెప్టెంబరు మొదటి ఆదివారం. ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతున్నాం. దుప్పటికి నేనొక కొస, తనొక కొస. "ఏమే, వెళ్ళి చదువుకోనా?" అంది. వెళ్ళు, వెళ్ళి మంచుకి క్లోరిన్ కలుపు అన్నాను. నవ్వి దుప్పటి తన వైపుకి లాక్కుని మడిచింది. అది మొదటిది కాబట్టి ఆ మాటకి నేను సిగ్గుపడలేదు.

రెండోసారి నవంబరులో. ఎనిమిదో తరగతి చరిత్ర పుస్తకం మర్నాటికి ఇచ్చెయ్యాలి. తేదీలన్నీ తప్పులు. అక్క స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. నీళ్ళ చుక్క ఒకటి ప్రూఫు కాగితం మీద పడింది. నేను విసుక్కున్నాను.

"రెండోసారి అడుగుతున్నా. వెళ్ళనా?"

"నీ ఇష్టం."

ఈ మాట గురించి ఈ మధ్య చాలా ఆలోచించాను. అచ్చులో దీనికి ఒకటే రూపం, దిద్దడానికేమీ ఉండదు. నోట్లో మాత్రం రెండున్నాయి. తల ఎత్తి ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ అంటే అది నిజంగా ఇవ్వడం. తల ఎత్తకుండా అంటే తలుపు వెయ్యడం. ఈ తేడా మన ఇళ్ళల్లో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. నేను తల ఎత్తలేదు.

అక్క తువ్వాలు భుజం మీద వేసుకుంది.

"నా ఇష్టం నాకు తెలుసులేవే. నీది అడిగాను" అంది.

చూద్దాంలే, ఇంకా టైముందిగా అన్నాను. ఆ పేజీలో ఒక రాజు పుట్టిన ఏడాది చనిపోయిన ఏడాది కంటే తర్వాత పడింది. దాన్ని దిద్దాను.

ఇక మూడోసారి కోసం కాచుక్కూర్చున్నాను. బస్సులో వెళ్తూ జవాబు తయారుచేసుకునేదాన్ని. వెళ్ళు అక్కా, నువ్వు వెళ్ళాలి, ఇక్కడేం మునిగిపోదు, నీ పదకొండు పేజీలూ నేను ఒక్క పేజీ చేసిపెడతాను అని ఒకటి. బాగుండేది అది. కళ్ళు కూడా చెమర్చేవి నాకు. ఇంకోటి కూడా ఉండేది: నువ్వెళ్తే నాకెవరున్నారక్కా అని. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి. మూడోసారి అడిగుంటే మొదటిదే చెప్పేదాన్ని అని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. చెప్పగా చెప్పగా నాకూ నిజమనిపిస్తోంది.

ఆమె అడక్కపోయినా నేనే చెప్పొచ్చుగా అంటాడు మా ఆయన. అడక్కుండా చెబితే అది పైపులో నీళ్ళ కింద పోతుందేమో అని సమాధానం చెప్పాను ఒకసారి. అది వట్టి తెలివి మాట. ఆమె అడగనంత కాలం ముందు గదిలో ఆ మంచం ఉంటుంది, దాని మీద ఆమె ఉంటుంది. అదీ అసలు సంగతి. ఆ పదకొండు పేజీల్ని నేను ఒక పేజీ చెయ్యలేదు. ముట్టుకోలేదు కూడా.

డిసెంబరు వచ్చింది. అక్క నడక ఎక్కువైంది. ఇంటికి రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచొచ్చేది. ఒకటికి రెండుసార్లు తాళం చూసొచ్చేది. నాకు ఏదైనా చెప్పబోయి, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. గురువారం పొద్దున చెప్పులేసుకుంటూ, ఆదివారం ఏం పని పెట్టుకోకు అంది. ఆదివారం ప్రూఫులున్నాయే అన్నాను. సరే, సాయంత్రం అంది. ఆ పొద్దునే, పదీ నలభైకి, దర్జీ కొట్టు పక్కన కుళాయి.

ఆదివారం సాయంత్రం ఆమె అడగబోయింది మూడోసారేనా? అయ్యుండొచ్చు. కిటికీ దులపడానికి సాయం అడగబోయిందో. నాకు తెలియదు.

పరామర్శకి ఇంటికొచ్చినవాళ్ళల్లో పెద్ద కెమిస్టు కూడా ఉన్నారు. అక్క తనను సిఫారసు ఉత్తరం అడిగిందని చెప్పారు. రాసి సంతకం పెట్టారట. ల్యాబు ముద్ర వెయ్యనా అంటే, రెంటిలో ఏది వేస్తారు సార్, తాగవచ్చా తాగరాదా అందట. చెబుతూ ఆయన నవ్వబోయారు, నవ్వు సగంలో ఆగిపోయింది. సోమవారం తీసుకుంటాను మీ దగ్గరే ఉంచండి అందట. ఆ ఉత్తరం ఆయన బల్ల మీద ట్రేలోనే ఉంది. అది లేకుండా దరఖాస్తు వెళ్ళదు. అంటే పంపలేదు.

ఎందుకు పంపలేదో నాకు తెలుసనుకున్నాను. జనవరిలో ఆ గడువు రోజున ప్రెస్సులో కూర్చోలేకపోయాను. పదిసార్లు లేచి నీళ్ళు తాగాను. అక్కడ మధ్యాహ్నం మూడింటికి దరఖాస్తుల తలుపు మూస్తారని ఆ కాగితాల్లో ఉంది. ఆ వేళకి ఇక్కడెంతవుతుందో లెక్కకట్టి, అప్పటిదాకా గడియారం చూశాను. ఆ వేళ దాటింది. అంత పెద్ద మనిషి, ఇరవై ఏళ్ళు ఒక ఊరి నీళ్ళకి కాపలా కాసిన మనిషి, నా ఒక్క మాట కోసం ఆగిపోయిందనీ, నేను తల ఎత్తి ఆ మాట అని ఉంటే బయల్దేరేదనీ మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. నువ్వెప్పుడూ ఇంతే, అన్నిటికీ నువ్వే కారణం కావాలి నీకు అన్నాడు. అతను కోపంగా అనలేదు. నేనే రెండు రోజులు మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో ఆమె స్టూలు మీదికి కొత్త టెక్నీషియను వచ్చాడు. సొరుగు ఖాళీ చేసి, డ్రైవరు చేత సామాను పంపించారు. చదువుకునే కళ్ళద్దాలు, ఒక ఉన్ని టోపీ, పటకారు, పెన్నులు, పైన ఆమె పేరూ ల్యాబు చిరునామా టైపు చేసిన ఒక గట్టి కవరు. టోపీ చూసి మా ఆయన పక్క గదిలోకి వెళ్ళాడు. కవరు ముందే చింపి ఉంది. లోపల ఇంగ్లీషు పరీక్ష ఫలితం, ఆ విశ్వవిద్యాలయం అడిగినదానికంటే మంచి మార్కులతో. వృత్తిరీత్యా నాకు ముందు తేదీల మీదికే కన్ను పోతుంది. ఆమె ఆ కాగితాలు ప్రింటు తీసి ఇంటికి తెచ్చింది ఆగస్టులో. పరీక్ష రాసిన తేదీ జులై పంతొమ్మిది.